నడుమెత్తు మట్టి

పోయిన నెల రమేశ ఫోను చేశాడు. రమేశ మా తమ్ముడి కొడుకు. ధర్మవరంలో మా పాత ఇంట్లోనే చీరల అంగడి పెట్టుకున్నాడు. "అత్తా, మన ఇంటి మెట్లు కొట్టేస్తాండాం. అరుగూ, లోపలి నేలా అంతా దించి రోడ్డుకు సమానం చేస్తాండాం. వచ్చే ఆడోళ్ళంతా మోకాళ్ళ నొప్పులోళ్ళే. మెట్లు చూసి పక్క వీధికి పోతాండారు. నీకు మనసుకు కష్టమయితుందేమోనని ముందే చెప్తాండా" అన్నాడు. నాకు కోపం వచ్చిన మాట నిజం. కష్టం సంగతి తర్వాత, నేను వచ్చేదాకా ఎవరూ పలుగు పట్టొద్దని చెప్పి, మర్నాడు పొద్దున్నే అనంతపురంలో బస్సెక్కాను. తీరా ఆ ఇంటి ముందు దిగి మెట్లెక్కుతుంటే సగంలోనే నా మోకాళ్ళు పట్టేశాయి. గోడ పట్టుకొని నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను. వీడు చెప్పేదీ నిజమే, మా నాయన చేసిన పనీ నిజమే, మధ్యలో నా కోపానికే తలా తోకా లేదు.

మంచినీళ్ళు తాగి కూర్చున్నాక రమేశ అడిగాడు. "ఊర్లో యాడా లేని ఈ మెట్ల గోల మన వీధికే ఏంటికత్తా? వరసగా అన్నిండ్లూ ఇట్లే ఉండాయి. మా తాతకు గొప్పలకు పోయే గుణమేమన్నా ఉండెనా?" మా నాయనకు గొప్పలా. చొక్కా గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకొని సంవత్సరం గడిపిన మనిషాయన. "కూర్చోరా, చెప్తా" అన్నాను. వాడు ఫోను చూసుకుంటూనే కూర్చున్నాడు. ఇక్కడ రాసేది ఆ రోజు వాడికి చెప్పిందే. వాడికి చెప్పేటప్పుడు మధ్యలో తిట్లు ఎక్కువ పడ్డాయి, అవి తీసేశాను.

నేను చిన్నప్పుడు మా ఇల్లు ఇది కాదు. ఊరికి పల్లపు వైపున, వంక గట్టుకు ఆనుకొని ఒక వీధి ఉండేది. వంక వీధి అనేవాళ్ళు. మట్టి గోడలు, పైన చవుడు మట్టి పోసిన మిద్దెలు. అందరివీ మగ్గాలే. తెల్లవారకముందే వీధి పొడుగునా పడుగు సాగదీసేవాళ్ళు. చీరకు నిలువునా వచ్చే పట్టుదారాలన్నీ ఆ చివర నుంచి ఈ చివరకు బిగించి, తెగిన పోగుల్ని వెతికి ముడేసేవాళ్ళు. ఆ కాసేపూ వీధిలో బర్రె నడవడానికి లేదు, పిల్లలు పరుగెత్తడానికి లేదు. తడి పట్టుకు ఒక వాసన ఉంటుంది, కొంచెం ముతకగా, ఉడకబెట్టిన దాణా లాగా. ఇప్పటికీ ఎక్కడన్నా ఆ వాసన తగిలితే నేను గోడవారగా నడుస్తాను. మా అవ్వ, అంటే నాయన తల్లి, చింతబరికె పట్టుకొని గడపలో కూర్చునేది. దారాలకు తగిలిన పిల్లలెవరూ ఆ బరికె నుంచి తప్పించుకున్నది లేదు.

ప్రతి ఇంట్లో నడి ఇంట మగ్గం గుంత ఉండేది. నేసే మనిషి నేల మీద కూర్చొని, కాళ్ళు గుంతలోకి వేసి, అడుగున ఉన్న కర్రల్ని తొక్కుతూ నేస్తాడు. నాయన పొద్దస్తమానం అందులోనే ఉండేవాడు కాబట్టి ఆయన ముఖమూ నా ముఖమూ సరిసమానంగా ఉండేవి. మా నాయన పొట్టివాడనే నేను చాలాకాలం అనుకున్నాను. చీర చూడటానికి వచ్చే షావుకారు చెప్పులతో గడప దగ్గరే నిలబడి, కిందికి చూస్తూ మాట్లాడేవాడు. నాయన తల పైకెత్తి జవాబు చెప్పేవాడు. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. అవ్వకు ఆ గుంతంటే పూజగది కంటే ఎక్కువ. శుక్రవారం దాని అంచున దీపం పెట్టేది. దాన్ని దాటి ఎవరూ నడవకూడదు. మావాళ్ళు ఇల్లు కట్టేటప్పుడు కూడా ముందు గుంత తవ్వి, పసుపు కుంకుమలు పెట్టి, దాని నుంచి కొలుచుకొని గోడలు లేపేవాళ్ళు. "గుంత కుదిరితే ఇల్లు దానంతటదే కుదురుతుంది" అనేది అవ్వ. ఈ పద్ధతే తర్వాత మా కొంప ముంచబోయింది.

ఆ ఏడు వానలు పట్టుకుంటే వదల్లేదు. మా సీమలో వాన రాకపోతే ఏం చేయాలో అందరికీ తెలుసు. వచ్చి పోనంటే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. చవుడు మిద్దెలన్నీ కారడం మొదలయింది. ఒక మధ్యాహ్నం అమ్మ సంగటి కెలుకుతోంది, నాయన మగ్గంలో ఉన్నాడు. మగ్గం మీద పెండ్లి చీర సగం అయి ఉంది. "అమ్మా, కాళ్ళకు చల్లగా తగల్తాండాది" అన్నాడు నాయన. వంక నీళ్ళు మా ఇంట్లోకి వాకిట్లోంచి రాలేదు. గుంతలోంచి వచ్చాయి. అవ్వ వంగి చూసి, కొడుకు చేతికి కత్తెర ఇచ్చింది. నాయన సగం నేసిన చీరను మగ్గం మీద నుంచి కోశాడు. నేసే మనిషికి అది చేతులు ఆడే పని కాదు. అమ్మ బియ్యం మూట ఎత్తుకుంది, నేను తమ్ముణ్ణి ఎత్తుకున్నాను. అవ్వ మాత్రం మగ్గం నుంచి అచ్చు విప్పింది. పడుగులోని ఒక్కొక్క దారాన్నీ దూర్చి ఉంచే దువ్వెనలాంటి చట్రం అది. అందులో తెగిన పాత పడుగు కొసలు జానెడు వేలాడుతున్నాయి. వాటిని కుచ్చులుగా ముడేసి, అచ్చును తన పాత చీరలో చుట్టి నెత్తిన పెట్టుకుంది. "ఇంట్లో ఇత్తడి సామానుంటే ఆ కట్టెలేంటికమ్మా?" అని నాయన అరిచాడు. అవ్వ వినిపించుకోలేదు. రైల్వే స్టేషను మిట్ట ఎక్కి వెనక్కి చూస్తే, వంక వీధి గోడలు ఒకదాని తర్వాత ఒకటి నీళ్ళలో కూర్చుండిపోతున్నాయి. మనుషులంతా బయటపడ్డారు, అంతవరకు మేలు. నీళ్ళు తీశాక చూస్తే ఇళ్ళు లేవు. ఏ గుంత ఎవరిదో తెలియకుండా అంతా ఒండ్రు నిండిపోయింది.

పెనుకొండలో మా మేనత్త ఇంటికి చేరాం. వాళ్ళది సేద్యం. ఇల్లంతా శెనక్కాయల మూటలు, మూటల చుట్టూ ఎలుకలు. అచ్చులో ఉన్నదంతా దారమే కదా, ఎలుకలకు పండగ. అవ్వ దాన్ని దూలానికి వేలాడదీసి, చుట్టూ వేపాకు కట్టి, సరిగ్గా దాని కిందే పడుకునేది. మేనత్తకు ఒళ్ళు మండేది. "అమ్మా, మగ్గమే లేదు, ఇంగ ఆ అచ్చును ఏం చేసుకుంటావు? పొయ్యిలో పెడితే ఒక పూట నీళ్ళన్నా కాగుతాయి" అనేది. "నీ పెండ్లి చీర దీంట్లోంచే వచ్చింది, నోరు మూసుకో" అనేది అవ్వ. తల్లీకూతుళ్ళకు రోజూ పొద్దున ఇదే సుప్రభాతం. కొండ మీది గాలికి, కడుపు నిండా శెనక్కాయలకు నేనూ తమ్ముడూ మాత్రం నున్నగా తయారయ్యాం.

నాయన ఊరికే కూర్చునే మనిషి కాదు. హిందూపురం బస్సెక్కి వెళ్ళి, మార్కెట్టులో ఒక బెల్లం మండీలో పనికి కుదిరాడు. ఆదివారాలు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఆయన మాటల్లో ఒక కన్నడ ముక్క ఎక్కువయ్యేది, నడకలో ఒక హుషారు కనబడేది. అప్పుడే నాకు తెలిసింది మా నాయన చాలా పొడుగరని. ఒక ఆదివారం అన్నం తింటూ చెప్పేశాడు. "అమ్మా, ఆడ ఇల్లు చూసినా. పిల్లలకు బడి దగ్గర. దుడ్లు వారం వారం చేతికొస్తాండాయి. అన్నిటికంటే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాళ్ళ మీద నిలబడతాండా. మన ఇంట్లో నడుము నొప్పి లేకుండా చచ్చిపోయిన మగోడు ఎవరన్నా ఉండారా? నేను మళ్ళా ఆ గుంతలోకి దిగను." అమ్మ తల దించుకొని వడ్డించింది కానీ, ఆమె ముఖం విచ్చుకోవడం నేను చూశాను. నాకూ సంతోషమే. హిందూపురంలో సినిమా ఉంది, బొరుగులు ఉన్నాయి, చింతబరికె లేదు. అవ్వ మాత్రం సగం అన్నం వదిలేసి లేచింది. మా ఇంటి మగ్గం ఉంటుందా పోతుందా అన్నది ఆ రోజు నుంచీ అందరి నెత్తిన కత్తిలా వేలాడింది.

అట్లాంటప్పుడు తిప్పన్న మామ వచ్చాడు. వంక వీధిలో మా పక్కింటాయన. అమ్మకు అన్న వరస. గవర్నమెంటు వాళ్ళు ఇళ్ళు పోయినవాళ్ళకు జాగాలు ఇస్తున్నారని, వచ్చి ఇల్లు కట్టుకోకపోతే వేరేవాళ్ళకు పోతుందని చెప్పాడు. "జాగా నేనే ఏరినా అత్తా. ఆఫీసరు రెండు చూపించినాడు. ఒకటి మిట్ట మీద, అంతా రాయి. గడ్డపార వేస్తే నిప్పులొస్తాండాయి. ఆడ గుంత యాడ తవ్వేది? ఇంగొకటి మెత్తటి నేల. గడ్డపార వేస్తే వెన్నలోకి దిగినట్టు దిగుతాండాది. 'బాగా ఆలోచించుకోండప్పా' అని ఆ మనిషి రెండు మాట్లు అడిగినాడు. మేమంతా మెత్త నేలే కావాలంటిమి" అని మీసం దువ్వుకున్నాడు. అవ్వ అప్పటికప్పుడు అచ్చు దించి నెత్తిన పెట్టుకుంది. నన్ను చెయ్యి పట్టుకొని బస్సెక్కించింది. నాయనకు చెప్పను కూడా లేదు.

ఇక మా వాళ్ళ పద్ధతి తెలుసు కదా. ముందు గుంతలు. గోడ లేదు, వాసం లేదు, పొడుగునా ఇంటికొక గుంత తవ్వి పసుపు కుంకుమలు పెట్టారు. ముదిగుబ్బ బస్సులో పోతున్నవాళ్ళు కిటికీల్లోంచి చూసి, ఊర్లో ఇంతమంది పోయినారా అని నోళ్ళు నొక్కుకున్నారట. తిప్పన్న మామకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండు రోజుల తర్వాత పొద్దున్నే లేచి చూస్తే, ప్రతి గుంతలోనూ మోకాలిలోతు నీళ్ళు. తోడితే మళ్ళీ ఊరాయి. నీళ్ళకు ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్ళం, నీళ్ళు ఊరే నేల కోసం పట్టుబట్టి వెళ్ళి కూర్చున్నాం. మెత్తటి నేల మెత్తగా ఎందుకుంటుందో ఒక్కడికీ తట్టలేదు, గుంత తవ్వడం సుళువు అన్న ఒక్క ఆలోచన తప్ప. మిట్ట మీది జాగా అప్పటికే రైల్వే వాళ్ళకు పోయింది. తిప్పన్న మామ గుంత అంచున గొంతుక్కూర్చొని, "నేనే చేస్తినే, నేనే చేస్తినే" అని తల కొట్టుకున్నాడు. సగం మంది మూటలు సర్దడం మొదలుపెట్టారు. కొందరు బెంగళూరు మిల్లులకు పోతామన్నారు. వీధి వీధే చెదిరిపోయేటట్టుంది.

మేము చెప్పకుండా పోయామని తెలిసి నాయన హిందూపురం నుంచి మండిపడుతూ వచ్చాడు. తల్లిని వెనక్కి తీసుకుపోవడానికే వచ్చాడు. వచ్చేసరికి అవ్వ మా గుంతలో దిగి కుండతో నీళ్ళు తోడి బయట పోస్తోంది. చీర నడుము దాకా బురద. నాయన గుంత అంచు దాకా వచ్చాడు. "పైకి రామ్మా" అన్నాడు. "నువ్వు పోరా. బెల్లం కరిగిపోతుంది" అంది అవ్వ. ఆ మాటకు నాయన తిరిగి కోప్పడబోయి ఆగిపోయాడు. గుంతలోకి చూశాడు, చుట్టూ నేలను చూశాడు. తర్వాత తిప్పన్న మామను పిలిచాడు. "బావా, మా మండీలో బెల్లానికి చెమ్మ తగలకూడదు. నేల తవ్వి దాచరు. రాతి కట్టడం నడుమెత్తు కట్టి, దాని మీద పెడతారు. మనం కిందికి తవ్వడం తప్ప ఇంగోటి నేర్చుకోలేదు. గుంత తవ్వొద్దు. ఇల్లే పైకి లేపుదాం. నడుమెత్తు నేల లేపి, దాంట్లో గుంత వదిలిపెడదాం. గుంత అడుగు ఇప్పుడు మనం నిలబడిన చోటికి వస్తుంది. నీళ్ళు దాని కిందే ఉంటాయి."

మొదట నవ్వారు. నేత మనిషి ఎత్తు మీద కూర్చోవడమా అన్నారు. మట్టి యాడుంది అన్నారు. అది అవ్వ చెప్పింది. "మన వీధి మట్టి ఆడనే పడుండాది గదా. మన గోడలు, మన మిద్దెలు. దాన్నే మోసుకొద్దాం." పెనుకొండ నుంచి అమ్మా తమ్ముడూ కూడా వచ్చేశారు. ఆ ఎండాకాలమంతా ఆడవాళ్ళూ పిల్లలూ బారులు తీరి వంక వీధి మట్టి మోశాం. కూలిన గోడలు, చవుడు, పాత గుంతల్లో నిండిన ఒండ్రు, అన్నీ గంపల్లో ఇక్కడికి వచ్చాయి. తవ్వుతుంటే గరిటె, ఇత్తడి చెంబు మూత, ఎవరిదో కాలి మెట్టె బయటపడేవి. ఎవరివి వాళ్ళకిచ్చాం. ఎవరివో తేలనివి మట్టితో పాటే నేల కిందికి పోయాయి. ఒండ్రు వాసన నా జుట్టులోంచి ఎన్నాళ్ళకీ పోలేదు. నాయన సెలవు మీద సెలవు పెట్టి రాళ్ళు పేర్చాడు. అయినా మాట మార్చలేదు. "గుంత కట్టిస్తా. దిగేది మాత్రం ఇంగెవరన్నా దిగండి" అనేవాడు. నేల లేచింది, గోడలు లేచాయి, మగ్గం వచ్చింది. నాయన హిందూపురం పోవడానికి సంచి సర్దుకున్నాడు.

ఆ రోజే అవ్వ అచ్చు కిందికి దించింది. మగ్గం పాడయిన వాళ్ళందరూ కొత్త అచ్చులో దారాలు ఒక్కొక్కటీ దూర్చుకోవాలి, అది రోజుల తరబడి పని. మాకు పాత కొసలు అట్లాగే ఉన్నాయి. కొత్త పడుగులోని ఒక్కో పోగును పాత కొసకు కలిపి, వేళ్ళకు విబూది రాసుకొని మెలిపెడితే చాలు, రెండూ ఒకటైపోతాయి. అవ్వ మగ్గం ముందు కూర్చొని అతకడం మొదలుపెట్టింది. నాయన సంచి భుజానికి తగిలించుకొని వాకిట్లో నిలబడ్డాడు. అవ్వ అంచు ఎర్ర పోగును తీసుకెళ్ళి పచ్చ కొసకు అతికింది. తర్వాత ఇంకొకటి. నాయన చూస్తున్నాడు. "అమ్మా, అది ఎరుపు" అన్నాడు. అవ్వ వినబడనట్టు మూడోది కూడా అట్లాగే అతికింది. నాయన సంచి దించాడు. "జరగమ్మా" అన్నాడు. ఆమె పక్కన కూర్చొని తప్పు ముడులు విప్పాడు. విప్పినవాడు సరైనవి అతికాడు, ఆ పక్కవి అతికాడు. మధ్యాహ్నం అయింది, బస్సు పోయింది. పోగులన్నీ అయ్యేసరికి నాయన కాళ్ళు వాటంతటవే గుంతలోకి దిగి ఉన్నాయి. అమ్మ గోడకు ఆనుకొని ఏడ్చింది. ఆ ఏడుపు సంతోషమో, హిందూపురం పోయిందన్న దిగులో నాకు ఈనాటికీ తెలియదు, రెండూ ఉండొచ్చు. చాలా ఏళ్ళ తర్వాత అమ్మ ఒకసారి అడిగింది, "ఆ రోజు నీకు నిజంగానే రంగు కనపడలేదా అత్తా?" అని. "నా చూపుకేం, బాగానే ఉండాది" అని అవ్వ వక్క నోట్లో వేసుకుంది.

ఎవరూ అనుకోని సంగతి ఒకటి ఆ తర్వాత తెలిసింది. మొదటి చీర చూడటానికి షావుకారు వచ్చాడు. అలవాటుగా వాకిట్లో రోడ్డు మీదే నిలబడ్డాడు. చూస్తే మగ్గంలో కూర్చున్న నాయన ముఖం ఆయన ముఖం కంటే పైన ఉంది. ఆయన తల ఎత్తి మాట్లాడాల్సి వచ్చింది. మెడ నొప్పి పుట్టిందేమో, చెప్పులు విడిచి మెట్లెక్కి లోపలికి వచ్చి కూర్చున్నాడు. "కూర్చో షావుకారూ, నీళ్ళు తాగు" అన్నాడు నాయన, జన్మలో మొదటిసారి. వీధంతా అట్లాగే అయింది. పోయిన ఊరే మళ్ళీ వస్తుందనుకున్నాం, వచ్చింది వేరే ఊరు. నాకు వచ్చిందే నచ్చింది. ఆ మెట్ల మీద కూర్చొనే నేను చదువుకున్నాను. నాయనకు నడుము నొప్పి మాత్రం రానే వచ్చింది, ఆయన చెప్పినట్టే.

ఇదంతా విని రమేశ ఫోను పక్కన పెట్టాడు. "అయితే నేల దించితే నీళ్ళొస్తాయా అత్తా?" అన్నాడు. వాడే మళ్ళీ నవ్వాడు. "యాడి నీళ్ళు. మొన్న పెరట్లో బోరు వేస్తే దుమ్ము తప్ప ఏమీ రాలే." అదీ నిజమే. మేము ఏ నీళ్ళకు భయపడి పారిపోయామో, ఆ నీళ్ళు ఇప్పుడు పాతాళంలో కూడా లేవు. మగ్గం గుంత పూడ్చి పదేళ్ళయింది. నాయన మెట్లు కట్టింది ఆ రోజు అవసరానికి. అవసరం మారితే మార్చుకోమనే ఆయనా అంటాడు, మార్చినవాడే కాబట్టి. "కొట్టుకోరా. కానీ ఆ మట్టి ఏం చేస్తావు?" అన్నాను. "ట్రాక్టరు వాళ్ళు తీసుకుపోతారత్తా. వంక పక్కన కొత్త ఇండ్లు కడతాండారు, ఆడ పల్లం పూడ్చేదానికి" అన్నాడు. "వంక పక్కన అంటే యాడ?" అంటే చెయ్యి చూపించాడు. అది మా వంక వీధి.

రెండు రోజులుండి, మొదటి ట్రాక్టరు కదిలినప్పుడు డ్రైవరు పక్కన నేనూ ఎక్కి కూర్చున్నాను. రమేశ తల పట్టుకున్నాడు. ఒండ్రు ఎండిపోయి బూడిద రంగులో ఉంది, నీళ్ళు చల్లితే అదే వాసన. వంక ఇసుక తేలి, కంపచెట్లు పెరిగి ఉంది. నీళ్ళు ఎన్నడూ పారనట్టే ఉంది. గట్టు పక్కన ఒక వయసు పిల్ల, పెండ్లయి ఎన్నాళ్ళో అయి ఉండదు, ఇటుకల మీద కూర్చొని మేస్త్రీతో పని చేయిస్తోంది. పునాది చూశాను. రోడ్డు కంటే జానెడు కూడా లేదు.

"ఎంత ఎత్తు లేపుతాండావమ్మా?" అన్నాను.

"ఇంతే పెద్దమ్మా. ఈడ వాన యాడుంది? వంకలో నీళ్ళు చూసినోళ్ళే లేరు" అంది.

"నేను చూసినాను. నడుమెత్తు లేపు. మట్టి చాలకపోతే చెప్పు, మా ఇంట్లో ఇంకా ఉండాది. మీదే అది, ఈడిదే" అన్నాను.

ఆ పిల్ల నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత వంక వైపు ఒకసారి చూసి, మేస్త్రీని పిలిచి తన నడుము మీద చెయ్యి పెట్టి చూపించింది.